తిరుగన్ నేరదా, తిరుగంజాలదా?

మాంబళం వకీలు: స్టే పొందినవాడికి కబురైనా పెట్టకుండా దాన్ని ఎత్తేయడం మీద మా బార్ పత్రికకు తెలుగులో ఓ పేజీ రాస్తున్నాను. శీర్షికకు భాగవతంలో బలిచక్రవర్తి మాట పెడదామని. "తిరుగంజాలదు నాదు జిహ్వ" అని నోటికొస్తోంది గానీ చెవికి ఆనడం లేదు. "నిరయంబైన నిబంధమైన" ఆఖరి పాదమే కదా?

పెరంబూరు పంతులు: పాదం అదే. "తిరుగన్ నేరదు". పోతన చేత జాలదు అనిపించకండి.

ఛందోభ్రాంతి: నేరదు, జాలదు రెండూ ఒక గురువు, రెండు లఘువుల భగణాలే పంతులుగారూ. యతి 'తి'కీ 'ధీ'కీ మధ్య, వాటి జోలికే రాదు. ఈ పద్యం ఛందస్సు మత్తేభాన్ని సాక్షికి పిలిస్తే లాభం లేదు.

పెరంబూరు పంతులు: ఎవరు పిలిచారు? చాలదంటే శక్తి లేదని. నేరదంటే ఆ విద్యే రాదని. "నేరనన్నవాడు నెరజాణ మహిలోన" అన్నాడుగా వేమన. బలి నాలుకకు వెనక్కి తిరగడమే తెలీదు.

ఆవడి అక్కయ్య: మరి "పోనేర, రానేర"? అక్కడ చేతకాదనేగా! నన్నడిగితే ఈ నేరమిలోంచే నేరం పుట్టింది.

ఛందోభ్రాంతి: అక్కయ్యగారి వ్యుత్పత్తులకు ఎవరైనా స్టే ఇవ్వండి.

ఆవడి అక్కయ్య: ఇవ్వండి. ఎత్తేసేటప్పుడు నాకూ చెప్పండి.

మాంబళం వకీలు: నా గొడవా అదేనండి. అవతలివాడు లేకుండా హైకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఎత్తేయమని అడిగేవాడు, అది ఎవరికి మేలు చేసిందో వాళ్లకు ఆ అర్జీ కాపీ ఇవ్వాలని రాజ్యాంగం 226(3)లోనే ఉంది. ఇరుపక్షాలనూ విని ఇచ్చిన ఇంజంక్షనైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 ఇంకా బిగువు: పరిస్థితులు మారాలి, లేదా అవతలివాడికి మితిమీరిన కష్టం కలగాలి. ఆరు నెలలకు స్టే దానంతటదే పోతుందన్న 2018 తీర్పును 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పక్కన పెట్టింది. కక్షిదారు మాట వినకుండా, అతని తప్పేమీ లేకుండా ఎలా పోతుందని!

పెరంబూరు పంతులు: అయితే కోర్టు నాలుక తిరగొచ్చన్నమాట, పిలిచి విన్నాక. మీకు బలి పనికిరాడు. "వినదగు నెవ్వరు చెప్పిన" పెట్టుకోండి.

మాంబళం వకీలు: అది అరిగిపోయిందండీ. పైగా బలే సరిపోతాడు. దానం రద్దు చేయమని శుక్రుడు బలి చెవిలో వేశాడే గానీ, "నీ మాటేంటి నాయనా" అని వామనుణ్ణి అడిగాడా? నోటీసు లేని వెకేట్ పిటిషన్ అది. బలి కొట్టేశాడు.

ఛందోభ్రాంతి: వామనుడి తరఫు వకాల్తా ఎవరిది?

ఆవడి అక్కయ్య: పోతనదే! అయినా "వారిజాక్షులందు" అంటూ బొంకడానికి జాబితా ఇచ్చిన శుక్రుడంటే నాకిష్టం. ఆయన వాదనలో పస ఉంది.

పెరంబూరు పంతులు: "కారే రాజులు" ముందు ఏ పస నిలుస్తుందమ్మా?

ఛందోభ్రాంతి: "కారే రాజులు" అందరికీ వచ్చు. "ఆదిన్ శ్రీసతి కొప్పుపై" చూడండి. శ్రీసతి కొప్పు మీద నుంచి మొదలుపెట్టి హరి చేతిని ఎక్కడికి దించాడో! "క్రిందగుట, మీదై నా కరంబుంట" దగ్గర విరామం ఎక్కడివ్వాలన్నది వేరే తగాదా.

పెరంబూరు పంతులు: క్రిందగుట తర్వాతే. అందులో తగాదా ఏముంది?

ఛందోభ్రాంతి: ఉంది. రాత్రికి రాస్తాను.