తొమ్మిదేళ్ల మాన్యువల్ టెస్టింగ్ తర్వాత ఉద్యోగం మానేసి డేటా సైన్స్ చదవొచ్చా?

రిగ్రెషన్ రాణి (ప్రశ్న)

అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. అందులో ఆరేళ్లు ఒకటే ప్రాజెక్ట్, అమెరికన్ హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్. ఆసుపత్రి పంపిన 837 ఫైల్ (అంటే క్లెయిమ్) లోపలికి వచ్చింది మొదలు, క్లెయిమ్ తేలి 835 (ఎంత చెల్లించారో చెప్పే ఫైల్) బయటికి వెళ్లేదాకా అంతా చేత్తోనే టెస్ట్ చేశాను. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ల వరకు ఇబ్బంది లేదు. సెలీనియం (ఆటోమేషన్ టూల్) స్క్రిప్టులు ఎవరో రాసినవి సరిచేస్తాను తప్ప సొంతంగా రాయలేదు.

ఈ మధ్య మా టీమ్ సగమైంది. టెస్ట్ కేసులు ఏఐ టూల్‌తో రాయించమంటున్నారు. రాస్తోంది కూడా, అదే నా టెన్షన్. మేనేజర్‌ని అడిగితే "నీకేం భయం లేదు" అంటారు. వెళ్లిపోయినవాళ్లకీ అదే చెప్పారు.

ఏడాది ఫుల్ టైమ్ డేటా సైన్స్ కోర్సు ఒకటి చూశాను. చేరాలంటే ఉద్యోగం మానేయాలి. దాచుకున్న డబ్బు ఈఎంఐలతో కలిపి సరిగ్గా ఏడాదికి వస్తుంది. వయసు 33. ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేనేమో అనిపిస్తోంది. ఇలా మారినవాళ్లు ఉంటే చెప్పండి, మొహమాటం వద్దు.

మోడల్ మాస్టారు

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. డేటా టీమ్‌కి ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి. కోర్సు సర్టిఫికెట్‌తో మీరు వచ్చేసరికి, మీ పక్క కుర్చీలో స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసిన కుర్రాడు ఉంటాడు. మీరు అడిగేదాంట్లో సగం జీతానికి ఒప్పుకుంటాడు. ఇద్దరి ప్రాజెక్టూ కొత్తగా నేర్చుకునేవాళ్లంతా చేసే టైటానిక్ డేటాసెట్టే! పైగా కొత్తవాళ్లకి ఇచ్చే పని, అంటే డేటా శుభ్రం చేయడం, చార్టులు గీయడం, ఇక్కడ కూడా ఆ ఏఐయే లాగేసుకుంటోంది. దేన్నుంచి పారిపోతున్నారో అది మీకంటే ముందే అక్కడికి చేరింది.

క్లెయిమ్స్ పిచ్చి

మాస్టారు చెప్పింది నిజమే కానీ సగమే. నేనూ టెస్టింగ్ నుంచే వచ్చాను, ఇప్పుడు ఇదే డొమైన్‌లో బిజినెస్ ఎనలిస్ట్‌ని. రాణి గారూ, మీ పోస్టులో అసలు సరుకు "837 నుంచి 835 దాకా" అన్న ముక్క. దాన్ని పరిచయంలా రాసేసి వదిలేశారు.

చేసే పని, చేసే రంగం. రెండూ ఒకేసారి మారిస్తే మీరు ఫ్రెషరే. ఒకటి ఉంచుకుని ఒకటి మారిస్తే తొమ్మిదేళ్లకీ విలువ ఉంటుంది. మీకు ఉంచుకోవాల్సింది రంగం. టూల్స్ సంగతి మీకు తెలియనిది కాదు. ఒకప్పుడు క్యూటీపీ అనే ఆటోమేషన్ టూల్ వస్తే చాలు అన్నారు. 2004లో సెలీనియం పుట్టింది, 2020లో ప్లేరైట్ వచ్చింది. క్లెయిమ్స్ అలా మాయమవవు. మారినా, ఆ మార్పే మనకి పని పెడుతుంది. 2015 అక్టోబర్ 1న అమెరికాలో జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-9 నుంచి 10కి మారినప్పుడు, సుమారు 14 వేల డయాగ్నోసిస్ కోడ్లు కాస్తా దాదాపు 70 వేలయ్యాయి. ఆ మార్పు టెస్ట్ చేయడానికి మనుషులు దొరకలేదు మాకు.

ఇప్పుడు అలాంటిదే ఇంకోటి నడుస్తోంది. ప్రయర్ ఆథరైజేషన్ (చికిత్సకి ముందే ఇన్సూరెన్స్ అనుమతి తీసుకోవడం) మీద సీఎంఎస్, అంటే అమెరికాలో మెడికేర్ చూసే ప్రభుత్వ సంస్థ, 2024 జనవరిలో ఫైనల్ రూల్ ఇచ్చింది. దాని పరిధిలోకి వచ్చే ఇన్సూరెన్స్ సంస్థలు చాలావరకు 2027 జనవరి నాటికి ఫైర్ (FHIR, ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) ఏపీఐలు పెట్టాలి. 837 తెలిసి, ఏపీఐ టెస్టింగ్ కూడా వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

కోర్సు ఫీజు అక్కర్లేదు. హాపీ ఫైర్ పబ్లిక్ టెస్ట్ సర్వర్ ఉచితం. పోస్ట్‌మన్ అనే ఏపీఐ టెస్టింగ్ టూల్‌తో దాంట్లో ఒక పేషెంట్ రికార్డ్ తెచ్చుకుని చూడండి. ఎస్‌క్యూఎల్‌లో విండో ఫంక్షన్లు నేర్చుకోండి. ఉద్యోగాలు వెతికేటప్పుడు "టెస్టర్" అని కొట్టకండి, "క్లెయిమ్స్", "ఈడీఐ ఎనలిస్ట్", "పేయర్" అని కొట్టండి. వేరే లోకం కనిపిస్తుంది.

డబ్బు గురించి ఒక్క మాట. ఏడాదికి సరిపోయే డబ్బుతో ఏడాది కోర్సు అంటే, వెతుకులాట మొదలుపెట్టే రోజుకి చేతిలో సున్నా. అప్పుడు ఎవరు ఏ ఉద్యోగం ఇచ్చినా తీసుకోవాల్సిందే. మాన్యువల్ టెస్టింగ్ అయినా సరే.

బెంచ్ మీద బాబు

రంగాన్నే పట్టుకుని కూర్చోమనడం నాకు నచ్చలేదు. క్లయింట్ వెళ్లిపోతే డొమైన్ ఉన్నవాడైనా ప్రాజెక్ట్ లేక బెంచ్ మీదకే వస్తాడు, అనుభవంతో చెబుతున్నా. అలాగని భయపెట్టే అంకెల్నీ నమ్మకండి. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు ఆటోమేషన్ వల్ల పెద్ద ప్రమాదంలో ఉన్నాయని 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్క వేశారు. 2016లో ఓఈసీడీ కోసం చేసిన అధ్యయనం 21 దేశాలకి సగటున 9 శాతమే అంది. తేడా ఎక్కడంటే, మొదటివాళ్లు ఉద్యోగాన్ని మొత్తంగా చూశారు, రెండోవాళ్లు అందులోని పనుల్ని విడదీసి చూశారు. మీరూ అలాగే చేయండి. మీ వారం పనిలో టూల్ ఏది చేయగలదు, ఏది చేయలేకపోతోంది? ఆ రెండోది ఎక్కువ దొరికే ఉద్యోగానికి వెళ్లండి, అది ఏ రంగమైనా సరే.

రిగ్రెషన్ రాణి

బాబు గారి ప్రశ్న నిన్నంతా బుర్రలో తిరిగింది. టూల్ రాసిన కేసులు మళ్లీ తీసి చూశాను. ఫీల్డ్ చెకింగ్ అంతా శుభ్రంగా ఉంది, నాకంటే వేగం. కానీ తల్లిదండ్రులిద్దరి ప్లాన్లలోనూ ఉన్న పిల్లాడి క్లెయిమ్‌కి తండ్రి ప్లానే ప్రైమరీ అనేసుకుంది. మాకు బర్త్‌డే రూల్ ఉంటుంది. తల్లి, తండ్రి ఇద్దరిలో ఏడాదిలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ల ప్లాన్ ముందు కట్టాలి. వయసుతో పని లేదు. మా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఆ మాట రాసి లేదు, అందరికీ తెలుసులే అని వదిలేసినట్టున్నారు. నేను తప్ప ఎవరూ పట్టుకోలేదు.

కోర్సుకి ఇప్పుడే అడ్వాన్స్ కట్టను. కానీ "ఎనలిస్ట్" అని చెప్పుకోవడానికి నా రెజ్యూమెలో ఏముంది? అన్నీ "టెస్ట్ కేసులు రాశాను, డిఫెక్టులు లాగ్ చేశాను" లాంటివే.

క్లెయిమ్స్ పిచ్చి

ఇప్పుడు రాసిన పేరానే ఉంది కదండీ! డాక్యుమెంట్‌లో లేని రూల్ పట్టుకోవడమే మా పని. క్లయింట్ వివరాలు ఏమీ లేకుండా దాన్ని రెండు లైన్లలో పైన పెట్టండి, టూల్స్ జాబితా కిందకి దించండి. ఆ రూల్ డాక్యుమెంట్‌లోకి ఎక్కించే పని కూడా మీరే అడిగి తీసుకోండి. మీ బిజినెస్ ఎనలిస్ట్ ఎవరో గాని అడ్డు చెప్పరు, వాళ్లకి ఒక పని తగ్గుతుంది.