‘మెజారిటీ’: ఒకే మాటలో మూడు లెక్కలు

గౌరవ సభ్యులకు నమస్కారం. పౌరశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్న సోదరి అడిగిన ప్రశ్న ఇది: ‘సాధారణ మెజారిటీ’ అంటే ‘సభలోని మొత్తం స్థానాల్లో సగం కన్నా ఒకటి ఎక్కువ’ అని నిర్వచించవచ్చా? చాలామంది సభ్యులు అవునన్నారు. నేను మాత్రం కాదనే అంటాను. ఇది పిల్లలు చదివే పాఠం కనుక కాస్త విడమరిచి చెబుతాను.

ముందుగా ‘సగం కన్నా ఒకటి ఎక్కువ’ అన్న మాట బేసి సంఖ్య సభ్యులున్న సభలకు అతకదు. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలున్నాయి, సగం అంటే 59.5, దానికి ఒకటి కలిపితే అరవైన్నర అవుతుంది. అసలు కావలసింది 60. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు 88, లోక్‌సభలో 543 స్థానాలకు 272 కావాలి. ‘సగానికి పైగా’ అంటే ఏ సభకైనా సరిపోతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ‘మొత్తం స్థానాల్లో’ అన్న చోట ఉంది. రాజ్యాంగంలోని 100వ అధికరణం పార్లమెంటుకు, 189వ అధికరణం రాష్ట్ర శాసనసభలకు ఒకే సూత్రం చెబుతాయి: వేరే నియమం ఉంటే తప్ప, సభకు హాజరై ఓటు వేసిన సభ్యుల్లో ఎక్కువమంది ఎటు ఉంటే నిర్ణయం అటు. సభాపతి మొదట ఓటు వేయరు, ఇరుపక్షాలూ సమానమైనప్పుడు మాత్రమే వారి నిర్ణాయక ఓటు పనిచేస్తుంది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో విశ్వాస తీర్మానంపై వాజపేయి ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. 270 కూడా 272కు చేరని సంఖ్యే, అయినా ప్రభుత్వం పడిపోయింది. సోదరి రాసుకున్న నిర్వచనం ప్రకారం ఆ రోజు ఏ పక్షానికీ మెజారిటీ లేదని చెప్పవలసి వస్తుంది.

మన భాషలో ఈ మాట ఎంత తికమక పెడుతుందో చూడాలంటే పి.వి. నరసింహారావు గారి ఉదాహరణకు మించినది నాకు కనబడదు. ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యులు కారు. 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు, ఆయన 5.80 లక్షలకు పైగా ‘మెజారిటీ’తో గెలిచారు. అంత మెజారిటీ వచ్చిన నాయకుడు ఢిల్లీలో నడిపింది మాత్రం ‘మెజారిటీ లేని’ ప్రభుత్వం. 1993 జులై 28న ఆ ప్రభుత్వంపై పెట్టిన అవిశ్వాస తీర్మానం అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడి వీగిపోయింది. అప్పుడు ‘14 ఓట్ల మెజారిటీతో గట్టెక్కారు’ అన్నా తెలుగులో తప్పు కాదు. ఒకే మనిషి కథలో ఒకే మాట మూడు సంగతులను చెప్పింది: సమీప ప్రత్యర్థిపై ఓట్ల తేడా, సభలో పార్టీ బలం, ఒక తీర్మానంపై పడిన ఓట్ల తేడా.

అభ్యర్థి గెలుపు తేడాను మెజారిటీ అనడం అజ్ఞానమని ఒక పెద్దాయన రాశారు. నేను ఒప్పుకోను. బ్రిటిష్ వారి వాడుకే మనకు వచ్చింది. వారు ఆ లెక్కను సభకూ వర్తింపజేస్తారు: 2019లో వారి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలోని 650 స్థానాల్లో కన్జర్వేటివ్‌లకు 365 వస్తే, మిగతా 285ను తీసివేసి ‘80 మెజారిటీ’ అన్నారు. ఆ లెక్కన 2023లో తెలంగాణలో 64 స్థానాలు గెలిచిన కాంగ్రెస్‌కు 9 మెజారిటీ వచ్చిందనాలి. మనం అలా అనం, 60 దాటి నాలుగు ఎక్కువ వచ్చాయంటాం. వాడుక అలా స్థిరపడింది, అందులో దోషమేమీ లేదు.

నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది ‘మెజారిటీ ప్రజలు ఆ పార్టీని గెలిపించారు’ అన్న వాక్యానికి. ఆ 64 స్థానాలు 39 శాతం పైచిలుకు ఓట్లతో వచ్చినవే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సుమారు 39 శాతం ఓట్లతో తెలుగుదేశానికి 23 స్థానాలు దక్కితే, 2024లో దాదాపు అంతే శాతం ఓట్లతో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 దక్కాయి. ప్రతి నియోజకవర్గంలోనూ అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు కాబట్టి, స్థానాల్లో మెజారిటీ ఉన్నంత మాత్రాన ఓటర్లలో మెజారిటీ ఉన్నట్టు కాదు. అందుకే ‘అత్యధిక స్థానాలు ఇచ్చారు’ అని రాయాలి.

‘మూడింట రెండు వంతుల మెజారిటీ’ అని రాసేటప్పుడు ‘దేనిలో’ అన్నది తప్పనిసరిగా చెప్పాలి. రాష్ట్రపతిని పదవి నుంచి తొలగించే అభిశంసనకు 61వ అధికరణం ప్రకారం ఒక్కో సభ మొత్తం సభ్యత్వంలో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం ప్రకారం హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు, దానితోపాటు మొత్తం సభ్యత్వంలో సగానికి పైగా ఓట్లు కావాలి. పార్టీ మారిన సభ్యులను అనర్హులను చేసే ఫిరాయింపుల చట్టంలో, మరో పార్టీలో విలీనానికి చూసేది సభలో ఆ పార్టీకి ఉన్న సభ్యుల్లో మూడింట రెండు వంతుల లెక్కనే: 2019లో తెలంగాణ కాంగ్రెస్‌కు ఉన్న 18 మందిలో 12 మంది తెరాసలో కలిసింది ఈ నిబంధన కిందనే.

‘ఆధిక్యం’ అని తెలుగు చేస్తే సరిపోదా అని మరో సభ్యులు అడిగారు. ఓట్ల లెక్కింపు రోజున ‘ఆధిక్యంలో ఉన్నారు’ అంటే ఇంకా గెలవలేదని అర్థం, కనుక సభాబలానికి అదే మాట వాడితే కొత్త గందరగోళం పుడుతుంది. అభ్యర్థి విషయంలో ‘ఓట్ల తేడా’, పార్టీ విషయంలో ‘సభలో మెజారిటీ’ నాకు నచ్చిన మాటలు. పాఠంలోని నిర్వచనాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘సభకు హాజరై ఓటు వేసిన సభ్యుల్లో సగానికి పైగా మద్దతు లభిస్తే దాన్ని సాధారణ మెజారిటీ అంటారు.’ ప్రభుత్వ ఏర్పాటు గురించిన చోట మాత్రం ‘మొత్తం స్థానాల్లో సగానికి పైగా’ అని విడిగా రాయండి.