మోడిఫైడ్ స్టార్చ్‌ని తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు: ప్యాకెట్ ఆహారాల లేబుళ్లు ఎలా చదవాలో చెప్పే చిన్న పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. సాస్, ఇన్‌స్టంట్ సూప్, పుడ్డింగ్, ఏ ప్యాకెట్ తిప్పి చూసినా "మోడిఫైడ్ స్టార్చ్" కనబడుతోంది. ఇంతకుముందు ఎవరో చేసిన డ్రాఫ్ట్‌లో దీన్ని "జన్యుమార్పిడి పిండి" అన్నారు. అది సరైనదేనా?

తెలుగు మాస్టారు: జన్యువుల ఊసెందుకు? "రూపాంతరిత పిండిపదార్థం" అనండి. వ్యాకరణానికి ఇబ్బంది లేదు.

ఫుడ్ టెక్నాలజిస్టు: వ్యాకరణానికి లేదు గానీ అర్థానికి ఉంది మాస్టారూ. బడి పుస్తకాల పుణ్యమా అని పిండిపదార్థాలు అంటే కార్బోహైడ్రేట్లు అనే అర్థం స్థిరపడిపోయింది. "గంజి" అందామా అంటే అది ఉడికాక వచ్చేది. మొక్క దాచుకున్న పొడి రేణువుకి ఆ పేరు నప్పదు. స్టార్చ్‌ని స్టార్చ్‌గానే ఉంచండి.

జన్యుమార్పిడి అనడం మాత్రం శుద్ధ తప్పు. ఇక్కడ మార్చేది మొక్కని కాదు, మొక్క నుంచి వేరు చేసిన స్టార్చ్‌ని. ఆ మొక్కజొన్న జన్యుమార్పిడి పంటదా కాదా అన్నది వేరే ప్రశ్న.

అనువాదకురాలు: మరి ఉన్న స్టార్చ్‌ని మార్చడం దేనికండీ?

ఫుడ్ టెక్నాలజిస్టు: మామూలు స్టార్చ్‌కి ఓపిక తక్కువ. నీళ్లలో వేడిచేస్తే సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య రేణువులు ఉబ్బుతాయి, చిక్కబడుతుంది. ఇంకా కాచినా, పులుపు తగిలినా, గట్టిగా తిప్పినా ఆ రేణువులు పగిలి మళ్లీ పలచబడుతుంది. చల్లార్చి నిల్వ పెడితే అందులోని అమైలోజ్ అనే పొడవాటి అణువుల గొలుసులు దగ్గరికి చేరి నీటిని బయటికి నెడతాయి. ఫ్యాక్టరీలో తయారయ్యే టమాటా సాస్‌కి ఇవన్నీ ఎదురవుతాయి.

అనువాదకురాలు: అయితే "సవరించిన స్టార్చ్" అనొచ్చా?

తెలుగు మాస్టారు: సవరించడమంటే తప్పు దిద్దడం, లేదా చట్టానికి చేసే పని. ఇక్కడ స్టార్చ్ చేసిన తప్పేమిటి? నా రూపాంతరితం వదిలేసుకుంటాను గానీ, దీనికంటే "మార్పుచేసిన" నయం.

ఫుడ్ టెక్నాలజిస్టు: నా ఓటూ దానికే. కాకపోతే ఏం మార్పు చేశారన్నది ఆ మాట చెప్పదు. అది తెలియాలంటే లేబుల్ మీద ఐఎన్ఎస్ నంబరు, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే అంతర్జాతీయ సంఖ్య ఉండాలి, చాలా లేబుళ్లు అదీ ఇవ్వవు. 1422 ఉందనుకోండి, దాని అసలు పేరు "ఎసిటైలేటెడ్ డైస్టార్చ్ అడిపేట్". నోరు తిరగదు గానీ, సమాసం విడదీసినట్టు విడదీస్తే అంతా అందులోనే ఉంది. డై అంటే రెండు. రెండు స్టార్చ్ గొలుసుల మధ్య అడిపేట్ ఒక వంతెన. వంతెనలుంటే రేణువు ఉబ్బుతుంది గానీ పగలదు, వేడికీ పులుపుకీ తట్టుకుంటుంది. మరీ ఎక్కువ వేస్తే అసలు ఉబ్బనే ఉబ్బదు, అందుకే కొద్దిగానే వేస్తారు. ఇక ఎసిటైల్ అనే పరమాణు గుంపులు గొలుసుల పక్కన అతుక్కుని, చల్లారాక అవి మళ్లీ దగ్గరికి చేరకుండా అడ్డుపడతాయి. సాస్ పైన నీళ్లు తేలకపోవడానికి కారణం అదే. 1442లో వంతెన ఫాస్ఫేట్‌ది, అడ్డుపడేవి హైడ్రాక్సీప్రొపైల్ గుంపులు. గడ్డకట్టించి, కరిగించి వాడే ఆహారాలకి అది బాగా పనికొస్తుంది.

కొత్త సభ్యుడు: ఎలాగూ చిక్కదనం కోసమే కదా, "చిక్కబరిచే స్టార్చ్" అంటే పోలా?

ఫుడ్ టెక్నాలజిస్టు: పోదండీ. ఆమ్లంతో మార్పుచేసిన 1401 దానికి పూర్తిగా ఎదురు. వేడిగా ఉన్నప్పుడు పలచగా ఉంటుంది కాబట్టి జెల్లీ మిఠాయిల అచ్చుల్లో సులువుగా పోయొచ్చు. చల్లారాక గట్టిగా పేరుకుంటుంది. 1450 పని ఇంకొకటి: కూల్‌డ్రింకుల్లో వాసన నూనెలు నీటి మీద తేలిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆ పని గమ్ అరబిక్ అనే తుమ్మజాతి చెట్ల జిగురు కూడా చేస్తుంది. చిక్కదనం ఒక్కటే చూస్తే ఈ రెండూ బయటే ఉండిపోతాయి.

తెలుగు మాస్టారు: నంబరుంటే పక్కన ఒక చిన్న తెలుగు వివరణ పెట్టవచ్చు. వంతెన వేసిన స్టార్చ్, ఆమ్లంతో పలచన చేసిన స్టార్చ్, ఇలాగ. పదకోశం వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, చదివేవాళ్లకి మాత్రం అర్థమవుతుంది.

అనువాదకురాలు: అలాగేనండి. ఆఖరిది ఒకటి మిగిలింది, ప్రీజిలటినైజ్డ్ స్టార్చ్. దీనికి నంబరేదీ కనబడలేదు.

ఫుడ్ టెక్నాలజిస్టు: ఉండదు. అందులో రసాయనంతో చేసిన మార్పేమీ లేదు. స్టార్చ్‌ని ముందే ఉడికించి, వేడి రోలర్ల మీద ఆరబెట్టి పొడి చేస్తారు. చల్లని పాలలో కలిపినా వెంటనే చిక్కబడుతుంది. ఇన్‌స్టంట్ పుడ్డింగుల్లో పనిచేసేది అదే. ఫ్యాక్టరీలో ఒకసారి ఉడికింది కాబట్టి మళ్లీ పొయ్యి వెలిగించే పనిలేదు.

తెలుగు మాస్టారు: "ముందే ఉడికించిన స్టార్చ్" అని రాసెయ్యమ్మా. పూర్వజిలాటినీకృతం అని ఎవరైనా సలహా ఇస్తే, నేనే ఇచ్చినా సరే, వినకు.