మఖలో పుట్టి పుబ్బలోనా, పుబ్బలో పుట్టి మఖలోనా?

చుక్కలదారి: ఈ చైత్రంలో రాత్రి ఎనిమిది దాటేసరికి సింహరాశి బాగా పైకి వచ్చి ఉంటోంది. సింహం తల దగ్గర కొడవలిలా కనిపించే చుక్కల్లో పిడి చివర మఖ, దానికి తూర్పున పుబ్బ రెండు చుక్కలు, తోక కొసన ఉత్తర. చూస్తున్నంతసేపూ అల్పాయుష్షు గురించిన ఒక సామెత నాలిక చివరే ఆడుతోంది. 'మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు' అనా, 'పుబ్బలో పుట్టి మఖలో మాడినట్టు' అనా? రెండూ విన్నాను. అసలుది ఏది?

అర్ధానుస్వారం: మొదటిదే. ఆకాశంలో వరసే సాక్ష్యం. మఖ ముందు, పుబ్బ వెనక. రెండోది ఎక్కడ చదివినా పంటి కింద రాయిలా తగులుతుంది.

సీసమాలిక: అంత తేలిగ్గా కొట్టేయకండి. సామెత చెవి కోసం పుడుతుంది. పుబ్బ-పుట్టి, మఖ-మాడి అని రెండు చోట్లా యతి కుదిరింది. మొదటి రూపంలో ఆ ఊపేదీ?

చుక్కలదారి: ఊపు సరే, అర్థం? కార్తెల లెక్క వేయండి. సూర్యుడు ఆగస్టు మధ్యలో మఖలోకి వస్తాడు, 13, 14 రోజులకు పుబ్బలోకి జరుగుతాడు. మఖ వానకు పుట్టిన పురుగు పుబ్బకు పోతుంది. తిరగేస్తే, పుబ్బ నుంచి మళ్ళీ మఖకు రావడానికి దాదాపు ఏడాది. అది అల్పాయుష్షు ఎలా అవుతుంది?

పాతపంచాంగం: ఆ 'లో' కార్తెదే అని ఎవరన్నారండీ? చంద్రుణ్ణి తీసుకోండి. ఒక్కో నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు. ఇవాళ మఖ, రేపు పుబ్బ. ఒక్కరోజు బతుకు అంటేనే సామెతకు పదును.

అర్ధానుస్వారం: మరి 'మాడు' ఏం చేస్తారు? వెన్నెలకు ఏదీ మాడదు. సూర్యుడే.

పాతపంచాంగం: నేను విన్నది 'గిట్టినట్టు'. పుట్టి, గిట్టి. సీసమాలిక గారు అడిగిన ఊపు ఇందులోనూ ఉంది.

సీసమాలిక: వసంతం, చంద్రుడు అన్నాక కాళిదాసును తలవకుండా ఉండలేను. రఘువంశంలో దిలీపుడూ, ఆయన రాణి సుదక్షిణా రథం మీద వెళ్తుంటే 'హిమనిర్ముక్తయోర్యోగే చిత్రాచంద్రమసోరివ', అంటే మంచు వీడిన చిత్తా చంద్రుడూ కలిసినట్టు, అన్నాడు. నెల పేరు ఎత్తలేదు. మంచు వదిలింది అన్న మాటతోనే చైత్రం వచ్చేసింది. చిత్త సూర్యుడి దారికి రెండు డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి చంద్రుడు నెలనెలా ఆ పక్కగా పోతాడు, కొన్ని ఏళ్ళలో దాన్ని కప్పేస్తాడు కూడా. చూసి రాసిన పోలిక అది.

అర్ధానుస్వారం: 'నిర్ముక్తయోః' అని ఇద్దరికీ చెప్పే ఆ ద్వివచనాన్ని వదిలేశారు. మంచు వీడింది చంద్రుడికే కాదు, చిత్రకు కూడా. పైన 'శుద్ధవేషయోః' (తెల్లని వేషంలో ఉన్న ఇద్దరి) అని ఇద్దరినీ కలిపి చెప్పాడు కనుకే ఇక్కడా ఇద్దరికీ.

చీకటిమేడ: సామెతకు వద్దాం. అసలు 'మఖ' ఏమిటి? ఋగ్వేదం పదో మండలం 85వ సూక్తంలో 'అఘాసు', ఆ వెంటనే 'అర్జున్యోః', అర్జుని అంటే ఫల్గునే. అథర్వంలో అదే మంత్రం 'మఘాసు', 'ఫల్గునీషు' అని మారింది. ఎక్కడా 'ఖ' లేదు. వరస మాత్రం మఘ ముందు, ఫల్గుని తర్వాత. పుబ్బ అంటే పూర్వఫల్గునే కదా.

సీసమాలిక: పూర్వ పుబ్బ అయింది, చిత్ర చిత్త అయింది, అవి ప్రాకృతం దారి. మఘలో ఘ ఖ కావడానికి ఆ దారి చాలదు. యజ్ఞం అనే అర్థమున్న 'మఖం' దీన్ని లాక్కుందని నా నమ్మకం.

చుక్కలదారి: నాకు ముచ్చటగా ఉన్నది వేరే. మఖ కార్తెలో మఖ కనిపించదు, సూర్యుడు దాని పక్కనే ఉంటాడు. కార్తె పేరున్న చుక్కను రాత్రి తీరిగ్గా చూడాలంటే ఈ వసంతమే. పుబ్బ రెండు చుక్కల్లో దక్షిణపుదాని దగ్గర, ఇంకాస్త దక్షిణంగా, చీకటి ఆకాశంలో చిన్న టెలిస్కోపు పెడితే ఎం65, ఎం66 గెలాక్సీలు రెండు మసక మరకల్లా పక్కపక్కనే దొరుకుతాయి. సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరం. తప్పక చూడండి. పాత సామెతల సంకలనం ఉన్నవాళ్ళు ఏ రూపం అచ్చయిందో కాస్త చెప్పండి.

పాతపంచాంగం: వెతుకుతాను. 'గిట్టినట్టు' అనే ఉంటుంది.