పార్కు వర్చువల్ టూర్: వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు పనికొచ్చేలా ఎలా తీయాలి?

తోటదారి:
కిలోమీటరున్నర నడకదారి ఉన్న పార్కుకి 360 డిగ్రీల ఫొటోలతో టూర్ చేస్తున్నాం. వీల్‌చైర్ వాడేవాళ్లు, చూపు లేనివాళ్లు రావచ్చో లేదో ఇంటి దగ్గరే తేల్చుకోగలగాలి. ఎన్ని చోట్ల తీయాలి, ఎంత ఎత్తులో? ట్రయల్ టూర్ కంప్యూటర్‌లో బాగానే ఉంది, కొన్ని ఫోన్లలో తెర నల్లగా వస్తోంది.

లెన్సుచూపు:
లెన్సు నేల నుంచి 115 సెం.మీ. ఎత్తులో ఉంచండి. కూర్చున్నవాళ్ల కంటిమట్టం ఇంచుమించు అదే. నిలబడ్డ ఎత్తులో తీస్తే పిట్టగోడ మీదుగా కొలను కనిపిస్తుంది, తీరా వచ్చాక వాళ్లకు కనిపించేది గోడే.

20–25 మీటర్లకొకటి, అంటే 60–75 ఫొటోలు. గేటు, మలుపు, వాలు మొదలు, మరుగుదొడ్డి తలుపు దగ్గర అదనంగా తీయండి. 360 కెమెరా రెండు లెన్సుల ఫొటోలు కలిసే అతుకు మెట్టు అంచు మీద పడకూడదు. దగ్గరి వస్తువులు అక్కడే విరిగినట్టు వస్తాయి, మెట్టు ఉందో లేదో తెలియదు. గాలి ఉంటే హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం) వద్దు, ఆకులు జంటగా పడతాయి.

నల్ల తెరకు కారణం 8192×4096 ఫొటోను ఒకే ముక్కగా పెట్టడం కావచ్చు. కొన్ని ఫోన్ల గ్రాఫిక్స్ 4096 పిక్సెళ్ల వెడల్పు దాటితే తీసుకోవు. 360 ఫొటోలను వెబ్‌లో చూపే పన్నెల్లమ్ సాఫ్ట్‌వేర్‌లో మల్టీరెస్ పద్ధతి వాడితే ఫొటో చిన్న ముక్కలుగా లోడవుతుంది.

చిన్నవాలు:
ఫొటోలు ఎంత బాగా తీసినా వాలు తెలియదండీ. కొలిచి రాయాల్సిందే. మీటరు పొడవు తిన్నని చెక్కను దారి మీద పరిచి, దానిపై లెవెల్ యాప్ (వాలు చూపేది) తెరిచిన ఫోన్ పెట్టండి. 1:20 (20 మీటర్ల దూరానికి మీటరు ఎత్తు) అంటే 5 శాతం, 1:12 అంటే 8.3 శాతం. పక్కవాలు కూడా చూడండి, 2 శాతం దాటితే కుర్చీ ఒక పక్కకు లాగుతుంది. వెడల్పు దారి మొత్తంలో అతి ఇరుకైన చోటిదే రాయండి.

అక్షరధ్వని:
తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి 360 ఫొటో ఖాళీ డబ్బాతో సమానం. ప్రతి మజిలీకీ వచనం ఉండాలి: ముందు నేల రకం, వెడల్పు, వాలు, అడ్డంకి, ఎన్ని మీటర్లకు బెంచీ ఉందో, పూలూ చెట్లూ ఆ తర్వాత. ఫొటో తీసిన తేదీ తప్పనిసరి. దానంతటదే తిరిగే సెట్టింగు తీసేయండి, కొందరికి కళ్లు తిరుగుతాయి. బాణం గుర్తులు మౌస్ లేకుండా, కీబోర్డుతోనూ పనిచేయాలి.

తోటదారి:
మల్టీరెస్‌తో నల్ల తెర పోయింది. వాలు మాత్రం డిగ్రీల్లో కొలిచి, అదే అంకెను శాతంగా రాసేశాం. మళ్లీ కొలవాలా?

చిన్నవాలు:
అక్కర్లేదు, మార్చుకోవచ్చు. 3 డిగ్రీలు అంటే 5.2 శాతం, 5 డిగ్రీలు అంటే 8.7. అంటే "5 శాతం" అని రాసిన వాలు 1:12 కన్నా నిటారుగా ఉంది, ఆ అంకెను ఇవాళే సరిచేయండి. ఫోన్‌ను వెల్లకిలా పెట్టి కొలిచి ఉంటే మాత్రం మళ్లీ కొలవాలి. వెనక కెమెరా బొడిపె వల్ల అంకె తప్పు వస్తుంది. పక్క అంచు మీద నిలబెట్టండి.