చేతికి చేసే ఫిస్టులాను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

అందరికీ నమస్కారం. డయాలసిస్ పేషెంట్ల కోసం తెలుగులో ఒక పేజీ కరపత్రం రాస్తున్నాం. సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు కదా, ‘ఏవీ ఫిస్టులా’ అంటారు. దాని పేరు దగ్గరే పని ఆగింది. ఫిస్టులా అని రాస్తే మన దగ్గర అందరికీ ముందు గుర్తొచ్చేది ‘పైల్స్, ఫిషర్, ఫిస్టులా’ అని గోడల మీద కనబడే రాతలే. “కూసునే కాడ చేసేది చేతికెట్ల చేస్తరు బిడ్డా?” అని ఒక పెద్దమ్మ అడిగింది. ‘ధమనీసిరా నాళవ్రణం’ అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. అది సరైనదేనా?

జవాబు (సంస్కృతం చెప్పే సారు, ఖిలా వరంగల్):

నాళవ్రణం వద్దు తమ్ముడూ. వ్రణం అంటే పుండు. చీము కారే దారికి ఆ పేరు నప్పుతుంది గానీ, డాక్టరు శుభ్రంగా కుట్టి పెట్టినదాన్ని పుండు అంటే పేషెంటు హడలిపోతాడు. లాటిన్‌లో ఫిస్టులా అంటే గొట్టం, పిల్లనగ్రోవి కూడా. పుండు అర్థం తర్వాత అతుక్కున్నదే.

ధమని, సిర మాటలను మాత్రం వదలకండి. ‘ధ్మానాత్ ధమన్యః, సరణాత్ సిరాః’ అని చరక సంహిత సూత్రస్థానంలో ఉంది. ఊదినట్టు కొట్టుకునేది ధమని, పారేది సిర. మణికట్టు మీద వేలు పెట్టి చూడండి, చరకుడు ఏం చెప్పాడో వేలికే తెలుస్తుంది.

జవాబు (డయాలసిస్ టెక్నీషియన్, కాజీపేట):

సార్ చెప్పింది బాగుంది. కానీ మా యూనిట్‌కు వచ్చేవాళ్లకు ధమనీ లేదు, సిరా లేదు, అంతా నరమే. సెలైన్ పెట్టేటప్పుడు దొరకనిది నరం. మెడ పట్టేస్తే ‘నరం మీద నరం ఎక్కింది’ అంటారు. తిమ్మిర్లొస్తే నరాల డాక్టర్ దగ్గరికి పోతారు. ఈ ఆపరేషన్‌ను కూడా ‘నరాలు కలిపిండ్రు’ అంటారు. ఏ నరాన్ని ఏ నరంతో, ఎందుకు కలిపారో తెలియదు. తెలియకనే అదే చేతికి బీపీ పట్టీ కట్టించుకుంటారు, టెస్టుకు రక్తం కూడా అదే చేతి నుంచి ఇస్తారు. జ్వరమొచ్చి వేరేచోట చూపించుకుంటే ఆ చేతికే సెలైన్ పెట్టించుకుని వచ్చినవాళ్లను కూడా చూశాను.

మిషన్‌కు నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం కావాలి. చర్మం కింద పచ్చగా కనబడే సిర అంత ఇవ్వలేదు. ధమనిలో జోరుంది గానీ అది లోతుగా ఉంటుంది, వారానికి మూడుసార్లు దాన్ని పొడవలేం. అందుకే మణికట్టు దగ్గరో మోచేయి దగ్గరో రెండింటినీ కలుపుతారు. కాకతీయ కాలువ నీళ్లు ఒక్క పొలమూ తడపకుండా నేరుగా వాగులో పడ్డట్టు, ధమని రక్తం కేశనాళికల్లోకి (వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాల్లోకి) పోకుండా నేరుగా సిరలో పడుతుంది. ఆ ఒత్తిడికి సిర లావెక్కుతుంది, గోడ మందమవుతుంది. దానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా మెత్తటి బంతి పిసకమంటాం. సిర 6 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి, చర్మానికి 6 మిల్లీమీటర్ల లోపే ఉండాలి, నిమిషానికి 600 మిల్లీలీటర్లు పారాలి అని డాక్టర్లకు ఒక ఆరు లెక్క ఉంది.

ఒక్క మాట, ‘రోజూ థ్రిల్ చూసుకోండి’ అని మాత్రం రాయకండి. డాక్టర్లు అనేది చేతికి తెలిసే అదురును. తెలుగులో థ్రిల్ అంటే సినిమాలో వచ్చేది.

జవాబు (ఖిలా వరంగల్ సారు మళ్లీ):

మీ పేషెంట్లు అన్న ‘కలిపిండ్రు’లోనే సగం జవాబుంది. ఇంగ్లీషులో జబ్బుకూ చికిత్సకూ ఒకటే పేరు. తెలుగులో కలవడం వేరు, కలపడం వేరు. 18వ శతాబ్దంలో విలియం హంటర్ అనే డాక్టరు వర్ణించింది కలిసినది. అప్పట్లో చికిత్సగా మోచేతి మడతలో రక్తం తీసేవారు, ఆ కత్తి సిరలోంచి దిగి కింది ధమనికి తగిలితే, గాయం మానాక రెండూ ఒకటైపోయేవి. న్యూయార్క్‌లో సిమినో, బ్రెషా బృందం 1966లో ప్రకటించింది కలిపినది. డయాలసిస్ కోసం కావాలని చేసింది. హంటర్ చూసిన అదురూ, చప్పుడూ ఇక్కడా ఉంటాయి. అక్కడ అవి జబ్బు గుర్తులైతే, ఇక్కడ ఆపరేషన్ పనిచేస్తోందనడానికి గుర్తులు. కాబట్టి కలిపినదానికి ‘సంధానం’ అనొచ్చు. దానంతటదే కలిసినదానికి ఆ మాట కుదరదు.

జవాబు (గోదావరిఖని నుంచి ఒక అక్క):

పుట్టుకతోనే కలిసి ఉండేవాటిని కూడా ఈ లెక్కలో చేర్చండి సార్. మా బంధువుల అబ్బాయికి మెదడులో ధమనులూ సిరలూ చుట్టలా అల్లుకుని ఉన్నాయని ఫిట్స్ వచ్చాక స్కాన్‌లో తేలింది. ఇంట్లో అందరూ ‘మెదడుల నరాలు చుట్టుకున్నయి’ అనుకుని బలానికి నరాల టానిక్ తాగించారు! అక్కడ చూసుకోవాల్సింది రక్తస్రావం ప్రమాదం. పేపర్లు కూడా ‘మెదడులో నరం చిట్లి’ అనే రాస్తాయి. చిట్లేది రక్తనాళం కదా. ‘నాడి’తోనూ ఇదే గోల. వైద్యుడు పట్టి చూసేది ధమనిని, బడి పుస్తకంలో నాడీ వ్యవస్థ అంటే ఇంకొకటి.

ప్రశ్న అడిగిన హన్మకొండ సభ్యుడు:

‘సంధానం’ అంటే మా పెద్దమ్మకు మళ్లీ అర్థం చెప్పాలి సార్. ఇలా రాశాను, చూడండి:

“మీ చేతిలో రక్తం కొట్టుకునే నరాన్ని (ధమని), పైకి కనబడే నరాన్ని (సిర) కలిపి కుట్టారు. దీన్నే చేతి ఫిస్టులా అంటారు. రోజూ పొద్దున దాని మీద వేళ్లు పెట్టండి, జుమ్మని అదరాలి. చెవికి ఆనిస్తే గుయ్‌మని వినబడాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూదులు వేయనివ్వకండి, బరువులు మోయకండి, గాజులూ వాచీ బిగుతుగా పెట్టుకోకండి, దాని మీద పడుకోకండి. అదురు ఆగిపోతే వీలైనంత త్వరగా ఆస్పత్రికి రండి.”

జవాబు (కాజీపేట):

బ్రాకెట్లో ధమని, సిర ఉంచండి, రిపోర్టు చదివేటప్పుడు పనికొస్తాయి. ‘సూదులు వేయనివ్వకండి’ అన్నచోట ‘డయాలసిస్‌కు తప్ప’ అని చేర్చండి, లేకపోతే మాకూ చెయ్యి ఇవ్వరు. ‘వీలైనంత త్వరగా’ తీసేసి ‘అదే రోజు’ అని రాయండి. అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. గడ్డ కట్టిన కొత్తలో అయితే తీయొచ్చు, రోజులు గడిస్తే కష్టం. మన దగ్గర వీలు అంటే వరికోతలు అయిపోయాకనే.