అమెరికా పెయింటర్ థామస్ మోరన్ ఆ యెల్లోస్టోన్ లోయ బొమ్మ కొండ మీదే గీసినాడా?

తిరుపతి_టింట్:
అన్నా, మొన్న ఆదివారం భాకరాపేట మీదుగా తలకోన పోయి జలపాతం దగ్గర వాటర్ కలర్ వేస్తామని కూర్చున్నా, తుంపర పడి పేపరంతా ఉబ్బిపోయింది, ఎండ మారేకొద్దీ బండ రంగు మారిపోతా ఉంది, మధ్యలో కోతి వచ్చి బ్రష్షు ఎత్తుకొని పాయె. మా సీనియర్ ఒకాయన "మోరన్ యెల్లోస్టోన్ లోయంతా అక్కడే కూర్చోని గీసేసినాడు, నువ్వు ఒక్క జలపాతానికే ఏడుస్తాండావు" అన్నాడు. నిజమేనా?

చిత్తూరు_చిత్రాలు:
మీ సీనియర్ కి ఎవరో కథ చెప్పినారు. ఆ బొమ్మ 7 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు, కొండల్లో దాన్ని ఎవరు మోస్తారబ్బా. 1871లో యెల్లోస్టోన్‌ని సర్వే చేసేదానికి హేడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తీసుకుపోయిన ప్రభుత్వ బృందంతో పోయినాడు, అంతకుముందు గుర్రం ఎక్కిన మనిషే కాదు, జీను మీద దిండు వేసుకొని కూర్చున్నాడంట (ఇది చదివినప్పట్నుంచీ నాకు ఆయనంటే ఇష్టం). అక్కడ చేసినవన్నీ చిన్న పెన్సిల్ స్కెచ్‌లు, వాటర్ కలర్లు, ఏ రాయి ఏ రంగో స్కెచ్ మీదే రాసుకునేది. కూడా జాక్సన్ అని ఫోటోగ్రాఫర్ ఉన్నాడు గానీ అప్పటి ఫోటోల్లో రంగెక్కడిది, ఆ పసుపు రాళ్లు ఎట్లుంటాయో చూడాలంటే మోరన్ కాయితాలే దిక్కు. పెద్ద ఆయిల్ బొమ్మ ఇంటికొచ్చినాక 1872లో పూర్తి చేసినాడు, అమెరికా కాంగ్రెస్ 10,000 డాలర్లకి కొనింది.

హార్స్‌లీ_గాలి:
ఆ బొమ్మ చూసే యెల్లోస్టోన్‌ని నేషనల్ పార్క్ చేసినారు కదా?

చిత్తూరు_చిత్రాలు:
అందరూ అట్లే అంటారు, కానీ పార్క్ చట్టం 1872 మార్చి 1న వచ్చేసింది, పెద్ద బొమ్మ అయ్యేపాటికి ఆ పని అయిపోయింది. అంతకుముందు పనికొచ్చినవి ఆ చిన్న వాటర్ కలర్లు, జాక్సన్ ఫోటోలే.

హార్స్‌లీ_గాలి:
ఇంకోటి, ఆయన ఉన్నది ఉన్నట్టు గీయలే, అక్కడి బండ ఇక్కడ, ఇక్కడి చెట్టు అక్కడ పెట్టుకున్నాడు. నాకైతే అది మోసమే.

చిత్తూరు_చిత్రాలు:
దాచిపెట్టి చేస్తే మోసం, ఆయన బాహాటంగానే చెప్పినాడు ప్రకృతిని మక్కీకి మక్కీ దించడానికి తన దగ్గర విలువ లేదని. తమ్ముడూ, నువ్వు ఈసారి చిన్న స్కెచ్‌బుక్కు, పెన్సిలు, నాలుగు రంగులు మాత్రం తీసుకొని పో, తుంపర పడని చోట అరగంట కూర్చో, నీడ ఎటు పడిందో రాసుకో, మిగతాది ఇంట్లో ఫ్యాను కింద చేసుకో.

తిరుపతి_టింట్:
సరే అన్నా, వచ్చే వారం మళ్లీ పోతా.

హార్స్‌లీ_గాలి:
ఇంతకీ కోతి ఎత్తుకపోయింది ఎన్నో నంబర్ బ్రష్షు? 12 అయితే నీతో పాటు నేనూ ఏడుస్తా.